ఇంటి యప్పు: కిస్తు, వడ్డీ, గడువు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుచుందురు. పెండ్లి కొలది దినములలో ముగియును. ఇంటికై చేసిన యప్పు అట్లు ముగియదు. పదునైదేండ్లు, ఇరువదియేండ్లు మన వెంట నడచును. విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు చెప్పుటకు మేము గ్రామములకు పోయినపుడు, పొలము గట్టున మా మాట ముగిసిన పిదప రైతులు మమ్ము తఱచుగా ఈ సంగతినే యడుగుచుందురు: “అయ్యా, పది లక్షలకు నెలకు తొమ్మిది వేల చొప్పున కట్టుమనుచున్నారు. కట్టగలము గదా, తీసికొనవచ్చునా?”

ఈ ప్రశ్న సగము ప్రశ్న మాత్రమే. కిస్తు యెంత యని యడిగిన సభ్యుడు, కిస్తు లెన్ని యనియు, వడ్డీ మారినపుడు ఆ లెక్క యేమగుననియు నడుగవలయును. ఇంటి యప్పులో రైతును ముంచునది తఱచుగా వడ్డీ రేటు గాదు, కంటికి కనబడక పెరిగెడి గడువు. ఆ సంగతినే యీ వ్యాసమున లెక్కలతో విశదపఱచుచున్నాము. సభ్యులు పలకయో కాగితమో చేతబట్టి లెక్కలను తామును వేసి చూతురు గాక.

తనఖా యనగా నేమి?

అప్పునకు ఆధారముగా స్థిరాస్తిపై ఋణదాతకు హక్కు కలిగించుటయే తనఖా. ఇందుకు సంబంధించిన ముఖ్యశాసనము 1882 వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము. దాని ప్రకారము తనఖాలు పెక్కు విధములు. భూమిని ఋణదాత స్వాధీనము చేసి, దాని ఫలమును వడ్డీ క్రింద అనుభవింపనిచ్చు భోగ్యపు తనఖాను మన తాత లెఱుగుదురు. నేడు బ్యాంకులు ఇంటి యప్పున కెక్కువగా కోరునది హక్కు పత్రముల నప్పగించు తనఖా. ఇందు ఇల్లు మన స్వాధీనముననే యుండును. దస్తావేజులు మాత్రము బ్యాంకు పెట్టెలో నుండును.

తనఖా పెట్టినవాడు బాకీ చెల్లించి తన యాస్తిని విడిపించుకొను హక్కును ఈ చట్టమే యిచ్చుచున్నది. ఇది గొప్ప రక్షణ. కాని కొందఱు వడ్డీ వ్యాపారులు తనఖా పత్రమునకు బదులు క్రయ దస్తావేజు వ్రాయించుకొని, “బాకీ తీర్చిన నాడు తిరిగి వ్రాసి యిత్తుము” అని నోటిమాట చెప్పుదురు. అట్టి మాటను నమ్మి వ్రేలిముద్ర వేయరాదు. తిరిగి వ్రాసియిచ్చెదమను షరతు ఆ క్రయ దస్తావేజులోనే లేనిచో దానిని తనఖాగా నెంచరాదని 1929 సవరణ వలన శాసనమే చెప్పుచున్నది. వేఱు కాగితముపై వ్రాసిన షరతు అందుకు చాలదు. ఇల్లు అమ్మినట్లే యగును.

రైతునకు ఇట్టి చిక్కులు తప్పింపవలయుననియే 1904 లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. 1929 లో చెన్నపట్టణమున కేంద్ర భూమి తనఖా బ్యాంకు ఏర్పడినది. దీర్ఘకాలపు అప్పును న్యాయమైన వడ్డీకి, సులభమైన కిస్తులతో తీర్చుకొనవచ్చునను తలంపు మన జిల్లాలకు క్రొత్తది కాదు.

వడ్డీ చెప్పెడి తీరులు

గ్రామమున “రూపాయి వడ్డీ” యనగా నూటికి నెల కొక రూపాయి. అనగా సంవత్సరమునకు నూటికి 12. “రెండు రూపాయల వడ్డీ” యనగా నూటికి 24. బ్యాంకు “తొమ్మిది” యని చెప్పినపుడు అది సంవత్సరపు లెక్క. గ్రామపు లెక్కలో నూటికి నెలకు 75 పైసలు. రెండు చోట్ల అడిగినపుడు రెంటిని ఒకే లెక్కకు తెచ్చి పోల్చవలయును. “రెండు” అను మాట “తొమ్మిది” కంటె చిన్నదిగా వినబడి మోసపుచ్చును.

ఇంకొక భేదము కలదు. కొందఱు అప్పిచ్చువారు మొదటి యసలుమీదనే తుదివఱకు వడ్డీ కట్టుదురు. బ్యాంకులు ఇంటి యప్పునకు తగ్గుచున్న బాకీమీద మాత్రమే వడ్డీ లెక్కించును. ఉదాహరణమునకు లక్ష రూపాయలు ఒక యేటికి నూటికి 12 చొప్పున తీసికొనిన యెడల, మొదటి పద్ధతిని 12,000 వడ్డీ కలిపి నెలకు 9,333 చొప్పున కట్టవలయును. రెండవ పద్ధతిని నెలకు 8,885 మాత్రమే. వడ్డీ మొత్తము 6,619. మొదటివాడు “పండ్రెండే” యని చెప్పినను, నెల నెలకు అసలు తీరుచునే యున్నది గావున, నిజముగా వాడు గైకొనునది నూటికి 21 కి పైమాట. కావున “వడ్డీ యెంత?” అని యడిగిన వెంటనే “దేనిమీద?” అనియు నడుగుడు.

కిస్తులోని రెండు పాళ్ళు

పది లక్షల రూపాయలు నూటికి 9 వడ్డీకి 20 ఏండ్లకు, అనగా 240 కిస్తులకు, తీసికొంటిమనుకొందము. నెల కిస్తు 8,997 రూపాయలు. తొలినెల వడ్డీ 7,500. మిగిలిన 1,497 మాత్రమే యసలునకు చెల్లు. మొదటి యేట మనము కట్టినది ఒక లక్షా ఎనిమిది వేలకు రమారమి. అసలు తగ్గినది 18,727 మాత్రమే. తక్కినదంతయు వడ్డీయే.

ఇది చూచి రైతులు “బ్యాంకువారు మొదట వడ్డీ లాగికొనుచున్నారు” అని కోపింతురు. అది మోసము గాదు. తొలుత బాకీ పెద్దది గాన వడ్డీ పెద్దది. బాకీ తగ్గిన కొలది వడ్డీ తగ్గి, అసలునకు పోవు పాలు హెచ్చును. కాని యీ తగ్గుట యెంత మెల్లనో గమనింపుడు: 20 ఏండ్ల అప్పులో అసలు సగమునకు దిగుటకు సుమారు 14 ఏండ్లు పట్టును. పదేండ్లు కట్టితిమి గదా, సగము తీరినదని తలంచువాడు పొరబడుచున్నాడు.

గడువు యొక్క వెల

ఆ పది లక్షలకే, ఆ 9 వడ్డీకే, మూడు గడువుల లెక్కను చూడుడు.

20 ఏండ్లకు: కిస్తు 8,997, వడ్డీ మొత్తము 11 లక్షల 59 వేలు.
15 ఏండ్లకు: కిస్తు 10,143, వడ్డీ మొత్తము 8 లక్షల 26 వేలు.
10 ఏండ్లకు: కిస్తు 12,668, వడ్డీ మొత్తము 5 లక్షల 20 వేలు.

20 ఏండ్ల నుండి 15 ఏండ్లకు దిగుటకు నెలకు 1,146 రూపాయలు హెచ్చుగా కట్టవలయును. మిగులునది 3 లక్షల 33 వేలు. అట్లని ఎల్లరును పదేండ్ల గడువునే కోరుడని మేము చెప్పము. కట్టలేని కిస్తు నొప్పుకొని తప్పుటకంటె, కట్టగల కిస్తు నొప్పుకొని, చేతికి సొమ్ము వచ్చినపుడు అసలులో కొంత ముందుగా తీర్చుట మేలు.

ఈ ముందు చెల్లింపు బలమెంతో చూడుడు. పై 20 ఏండ్ల యప్పులో ఒక యేడు గడచిన పిదప పంట యమ్మకపు సొమ్ములో నుండి 50,000 రూపాయలు అసలునకు కట్టి, కిస్తును మార్చక యుంచినచో, తుదినుండి 27 కిస్తులు తగ్గును. సుమారు 2 లక్షల రూపాయలు వడ్డీలో మిగులును. ఆ యేబదివేలే పదునెనిమిదవ యేట కట్టినచో లాభము మిక్కిలి స్వల్పము. తుంగను మొలకలో పెఱికిన యొక కూలి చాలును. గడ్డలు పాతుకొనిన పిదప పదిమంది కూలీలు చాలరు. వడ్డీయు నట్టిదే.

మారెడి వడ్డీని వ్యక్తులు తీసికొనిన యింటి యప్పును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా గైకొనరాదని రిజర్వు బ్యాంకు 2012 లోనే యాజ్ఞాపించినది. కావున జంకవలసిన పని లేదు. కాని కట్టునపుడు “ఇది అసలునకు జమ, కిస్తు తగ్గింపవలదు, గడువు తగ్గింపుడు” అని వ్రాతమూలముగా నిచ్చి రసీదు పుచ్చుకొనవలయును.

మారెడి వడ్డీ

వడ్డీ రెండు విధములు. ఒప్పుకొనిన కాలమంతయు నొకటే యుండునది స్థిరవడ్డీ. దేశమున సొమ్ము ధరనుబట్టి హెచ్చి తగ్గునది మారెడి వడ్డీ. దీనినే బ్యాంకులలో ఫ్లోటింగు రేటందురు. ఇంటి యప్పులలో అధికము ఈ రెండవ రకమునకు చెందినవే.

రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు కొలది దినముల కిచ్చు సొమ్ముపై గైకొను వడ్డీని రెపో రేటందురు. 2019 అక్టోబరు 1 వ తేది మొదలు వాణిజ్య బ్యాంకులు క్రొత్తగా నిచ్చు మారెడి వడ్డీ గృహఋణములను రెపో రేటు వంటి బయటి కొలబద్దకు కట్టి, మూడు నెలలకొకసారి యైనను సరిచూడవలయునని నిర్ణయమైనది. చాల బ్యాంకులు రెపో రేటునే గైకొని, దానిపై తమ యదనపు పాలు చేర్చి వడ్డీ నిర్ణయించుచున్నవి. గృహఋణ కంపెనీలకును, సహకార బ్యాంకులకును ఈ నియమము లేదు. అచట ఏ కొలబద్దయో అడిగి తెలిసికొనవలయును.

ఈ కొలబద్ద యెంత కదలునో ఇటీవలి చరిత్ర చెప్పును. 2020 మే నుండి రెపో రేటు నూటికి 4 గా నుండెను. 2022 మే నెలలో పెరుగ నారంభించి, 2023 ఫిబ్రవరికి 6.50 కి చేరెను. 2025 లో నాలుగు మార్లు తగ్గి, ఆ డిసెంబరునకు 5.25 కి వచ్చెను.

ఇందు మాకు గలిగిన యనుభవమును దాచక చెప్పుదుము. 2021 లో మేమును ఇంటికై 6 లక్షలు నూటికి 7 వడ్డీకి 180 కిస్తుల గడువుతో ఒక సంస్థవద్ద తీసికొంటిమి. కిస్తు 5,393. నెల నెల మా ఖాతానుండి అదే సొమ్ము పోవుచుండుటచే అంతయు సవ్యముగానే యున్నదని తలంచితిమి. వారు పంపిన వర్తమానములు చేతిఫోనులో వచ్చినవి. ఎరువుల ప్రకటనలతోబాటు వానినిగూడ చదువక విడిచితిమి. 2023 వేసవిలో, 24 కిస్తులు కట్టిన పిదప, ఖాతా నకలు తెప్పించి చూడగా, మిగిలిన కిస్తులు 156 కావలసియుండగా 210 కి పైగా నుండెను. వడ్డీ 9.5 కి పెరిగినది. కిస్తును పెంచుటకు బదులు వారు గడువును పెంచిరి. రెండేండ్లు కట్టిన పిదప, అప్పు తీసికొనిన నాటికంటె దూరముగా నిలిచియుంటిమి! ఊరివారికి లెక్కలు చెప్పు మేమే మా లెక్క చూచుకొనమైతిమి గదా యని సిగ్గుపడితిమి. వెంటనే వ్రాసి యిచ్చి కిస్తును సుమారు 850 రూపాయలు పెంచుకొని గడువును పూర్వస్థితికి తెచ్చుకొంటిమి. 2025 లో వడ్డీ తగ్గినపుడు కిస్తును తగ్గించుకొనలేదు. ఆ తగ్గుదల గడువునే కోయుచున్నది.

పది లక్షల లెక్కలో దీనిని చూపుదుము. 9 వడ్డీకి 240 కిస్తుల యప్పు తొలినాళ్ళలోనే 10 కి పెరిగినదనుకొనుడు. కిస్తు 8,997 గానే యుంచినచో 240 కిస్తులు 314 అగును. అనగా 74 కిస్తులు, 6 లక్షల 65 వేల రూపాయలు, హెచ్చు. గడువును 240 గానే యుంచి కిస్తు పెంచినచో నెలకు 653 రూపాయలే హెచ్చు. మొత్తమున 1 లక్షా 57 వేలు. ఒక్క నూటికి ఒకటి పెరిగినందుకే ఇంత భేదము!

వడ్డీ మఱింత పెరిగినపుడు కిస్తు వడ్డీకైనను చాలకపోవచ్చును. 7 వడ్డీకి 20 ఏండ్లకు లెక్కించిన పది లక్షల కిస్తు 7,753. అంత బాకీకి 9.5 చొప్పున నెలవడ్డీయే 7,917. కట్టుచున్నను బాకీ పెరుగునన్నమాట.

ఇట్టి స్థితి రాకుండుటకై 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు కొన్ని నియమములు చేసినది. వడ్డీ మార్చునపుడు కిస్తు పెంచుటయా, గడువు పెంచుటయా, రెండును గొంత గొంతయా యను నిర్ణయమును ఋణగ్రహీతకు విడువవలయును. తమ విధానము ననుసరించి స్థిరవడ్డీకి మారు నవకాశమును చూపవలయుననియు నాడు విధించినది గాని, 2025 నుండి అది తప్పనిసరి కాదు. గడువు పెంచుటచే కిస్తు వడ్డీకైనను చాలని స్థితి కలుగరాదు. ఇంతవఱకు చెల్లిన యసలు, వడ్డీ, మిగిలిన కిస్తులు, వడ్డీ రేటు తెలుపు పట్టికను మూడు నెలలకొకసారి యందింపవలయును. ఈ హక్కులు కాగితముపై నున్నవి. అడిగినవానికే యవి చేతికి వచ్చును.

రైతునకు ప్రత్యేకమైన చిక్కు

ఉద్యోగికి జీతము నెలనెల వచ్చును. కిస్తు నెలనెల పోవును. రైతునకు సొమ్ము పంట నాడు వచ్చును; కిస్తు మాత్రము నాట్లనాడు, కలుపునాడు, వానలేని నాడుగూడ వచ్చును. పైగా ఇల్లు ఆశ్రయమిచ్చునే గాని ధాన్యము పండింపదు. ఇంటి యప్పును తీర్చవలసినది పొలమే.

కావున ఇంటికి పునాది త్రవ్వుటకు ముందు ఆరు నెలల కిస్తులకు సరిపడు సొమ్మును సంఘములోనో బ్యాంకులోనో విడిగా జమచేసి యుంచుడని మా సలహా. ప్రతి పంట యమ్మకమునను ముందుగా ఆ నిలువను నింపి, పిదపనే తక్కిన ఖర్చులు చేయవలయును. పాడి గలవారు పాలసొమ్మును కిస్తుకు ముడిపెట్టుట మంచి యుపాయము. అది యించుమించు నెలజీతము వంటిది. పంటకాలము ననుసరించి కిస్తులు నిర్ణయింతురేమో అప్పిచ్చు సంస్థను ముందే యడుగుట మంచిది.

పంటఋణము తక్కువ వడ్డీకి వచ్చినది గదా యని దానిని గోడలకు వాడరాదు. అది యేడాదిలో తీర్పవలసిన సొమ్ము. ఇల్లు ఇరువదియేండ్ల పని. గడువు దాటగానే వడ్డీ రాయితీ పోవుటయేగాక, మఱుసటి సేద్యమునకు అప్పు పుట్టదు. అట్లే ఇంటికై పొలమును తాకట్టు పెట్టరాదు. ఇల్లు పోయిన పొలము చేసుకొని మఱల కట్టుకొనవచ్చును. పొలము పోయిన ఆ యింటిలో కూర్చుండి తినునదేమి?

కిస్తులు తప్పినచో నేమగునో గూడ తెలిసికొనుడు. 90 దినములు దాటి బాకీ నిలిచినచో బ్యాంకు దానిని మొండిబాకీగా నెంచును. పిదప 2002 చట్టము క్రింద 60 దినముల నోటీసిచ్చి, కోర్టులో దావా వేయకయే ఇంటిని స్వాధీనము చేసికొను నధికారము దానికి గలదు. ఆ చట్టము వ్యవసాయ భూమికి వర్తింపదు; అంతమాత్రమున దావా మూలముగ వసూలు చేయు మార్గము మూసికొనిపోలేదు. కాన పంట పోయిన యేడు మొగము చాటువేయక, మొదటి కిస్తు తప్పకమునుపే పోయి సంగతి చెప్పి, గడువు కోరవలయును. ముందు వచ్చి చెప్పినవానికి దొరకు సదుపాయము నోటీసు వచ్చిన పిదప దొరకదు.

సంతకమునకు ముందు అడుగవలసినవి

1. వడ్డీ స్థిరమా, మారునదా? మారునదైన కొలబద్ద యేది? దానిపై అదనపు పాలెంత?
2. కిస్తు యెంత, కిస్తు లెన్ని, మొత్తమున కట్టునదెంత?
3. వడ్డీ పెరిగినచో కిస్తు పెరుగునా, గడువు పెరుగునా?
4. దరఖాస్తు రుసుము, న్యాయవాది రుసుము, విలువ కట్టుటకు రుసుము, బీమా సొమ్ము ఎంత? ఆ బీమా తప్పనిసరియా?
5. కిస్తు ఆలస్యమైన జరిమానా యెంత?
6. అప్పగించు దస్తావేజుల జాబితా సంతకముతో నిత్తురా?

ఇంటికి దస్తావేజు సరిగా నున్నదో లేదో ముందుగానే చూచుకొనవలయును. గ్రామకంఠములోని పెక్కు యిండ్లకు రిజిస్టరు పత్రములు లేవు. అట్టివాటికి ఆస్తి కార్డులిచ్చుటకై 2020 లో స్వామిత్వ పథక మారంభమైనది. మీ గ్రామమున ఆ సర్వే జరిగినదో లేదో పంచాయతీలో విచారింపుడు.

అప్పు తీరిన నాడు

తుది కిస్తు కట్టి యింటికి పోయిన పని ముగియదు. బాకీ పూర్తిగా తీరిన 30 దినములలో దస్తావేజులను తిరిగి యిచ్చి, తనఖా హక్కును తొలగింపవలయుననియు, తమ లోపముచే ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహార మీయవలయుననియు 2023 డిసెంబరు 1 వ తేది నుండి బ్యాంకులకును గృహఋణ సంస్థలకును నియమము గలదు. దస్తావేజులను జాబితాతో సరిచూచుకొని, పిదప రిజిస్ట్రారు కార్యాలయమున ఈ.సి. తీయించి, తనఖా కొట్టివేయబడినదని కన్నులార చూచిన నాడే యిల్లు నిజముగా మనది.

సభ్యులారా! పొలమునకు పోయినపుడు పైరును గట్టుమీదనుండి చూచి తిరిగి రాము. చాలులోనికి దిగి ఆకును త్రిప్పి చూతుము. పురుగు ఆకు క్రిందనే యుండును. అప్పు ఖాతాయు నట్లే. ప్రతి పంటకు నొకమారు ఖాతా నకలు తెప్పించి, “మిగిలిన కిస్తులు” అను నొక్క పంక్తిని చూడుడు. క్రిందటి మారు కంటె ఆ యంకె మనము కట్టినన్ని తగ్గినదా? తగ్గినచో నెమ్మదిగా నుండుడు. తగ్గనిచో మఱునాడే బండి యెక్కి బ్యాంకునకు పోవుడు. చదువురాని సభ్యులు ఆ నకలును సంఘ కార్యదర్శికి చూపి చదివించుకొనవచ్చును. సాటి సభ్యుని లెక్క చదివి చెప్పుటయు సహకారమే.